ఒక బూత్, అరవై పేర్లు: ఓటరు జాబితా ప్రాజెక్టు డైరీ

మార్చి 18, 2024

మొన్న శనివారం ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మే 13నే పోలింగ్. పొలిటికల్ సైన్స్ ఎంఏ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి నేను రాసుకున్న పేరు 'హైదరాబాద్ ఓటరు ఉదాసీనత'. అంకెలు కూడా సిద్ధం చేసుకున్నాను. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 46.55 శాతం పోలింగ్. 2023 నవంబరు 30 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రమంతా 71 శాతం దాటితే హైదరాబాద్ జిల్లా సగానికి కూడా చేరలేదు. మునుగోడులో 91 శాతం పైన, యాకుత్‌పురాలో 40 లోపు.

ప్రాజెక్టు గైడ్ మేడమ్ కాగితం చూసి ఒకే ప్రశ్న అడిగారు. "వందలో నలభై ఆరు మంది వేశారంటున్నావు. ఆ వంద మంది ఎవరమ్మా?"

జాబితాలో ఉన్నవాళ్ళు అన్నాను. "వాళ్ళు అక్కడ ఉన్నారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నాకు ఆ ప్రశ్న అంతవరకు తట్టకపోవడం సిగ్గుగా అనిపించింది. ఎందుకంటే ఆరేళ్ళుగా కేపీహెచ్‌బీలో అక్కావాళ్ళింట్లో ఉంటున్న నా ఓటు ఇప్పటికీ ఆంధ్రలో దర్శి దగ్గర మా ఊళ్ళోనే ఉంది.

మార్చి 24

వారమంతా చదువు. మేడమ్ మొదట ఇచ్చింది అమెరికా రాజనీతి శాస్త్రవేత్తలు మైకేల్ మెక్‌డొనాల్డ్, శామ్యూల్ పాప్కిన్ 2001లో రాసిన వ్యాసం. అమెరికాలో 1972 నుంచి ఓటింగ్ పడిపోతోందని అందరూ దిగులు పడుతుంటే వీళ్ళు కింది అంకెను, అంటే ఎంతమందిలో అన్న లెక్కను, తవ్వారు. ఓటింగ్ శాతాన్ని వయోజనులందరి మీదా లెక్కేస్తున్నారు. అందులో పౌరసత్వం లేనివాళ్ళు, శిక్షపడి ఓటుహక్కు పోయినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ సంఖ్య ఏటా పెరుగుతోంది. వాళ్ళను తీసేసి అర్హులతోనే లెక్కేస్తే 1972 తర్వాత ఆ పతనం దాదాపు కనిపించదు.

మన దగ్గర కింది అంకె ఓటరు జాబితా. అక్కడ లెక్కలో చేరేది పౌరులు కానివాళ్ళయితే, ఇక్కడ ఇల్లు మారినా జాబితాలో మిగిలిపోయిన పేర్లు. ప్రాజెక్టు పేరు మార్చేశాను. కూకట్‌పల్లి ప్రాంతంలో ఒకే ఒక్క పోలింగ్ బూత్ తీసుకుంటాను. జాబితాలోని పేర్లు పట్టుకుని ఇంటికి వెళ్ళి మనిషి ఉన్నారో లేదో చూస్తాను. పోలింగ్ అయ్యాక మళ్ళీ వెళ్తాను.

మార్చి 31

జాబితా దించుకోవడం తేలికే. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో భాగాలవారీగా, అంటే ఒక్కో బూత్‌కి ఒక్కోటి చొప్పున, పీడీఎఫ్‌లు ఉంటాయి. కానీ అవి బొమ్మలు, అక్షరాలు కావు. వెతకడానికి రాదు, ఎక్సెల్‌లోకి ఎక్కదు. రెండు రాత్రులు కూర్చుని చేత్తోనే ఎక్కించాను. చివర్లో అనుబంధం ఉంటుంది, కొత్తగా చేరినవి, తీసేసినవి. దాన్ని కలపకపోతే లెక్క తప్పుతుంది. మొదటి రాత్రి నేను అదే తప్పు చేసి మళ్ళీ మొదలుపెట్టాను.

తీసేసినవి పోను 1,140 పేర్లు మిగిలాయి. నేనొక్కదాన్ని, నాతో పాటు ఒక క్లాస్‌మేట్. అరవై మందికి మించి తిరగలేం. 1,140ని 60తో భాగిస్తే 19. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా చీటీలు రాసి అక్క చేత ఒకటి తీయించాను. ఏడు వచ్చింది. కాబట్టి 7, 26, 45, 64... ఇలా 1,128 దాకా. మన దేశంలో ఎన్నికల సర్వేలకి లోక్‌నీతి అనే పరిశోధన బృందం వాళ్ళు పాటించే పద్ధతి కూడా ఈ కోవలోదే: జాబితా నుంచి క్రమంగా పేరు ఎంచుకుని, ఆ పేరున్న మనిషినే కలవాలి. తలుపు తీసినవాళ్ళతో, ఖాళీగా కూర్చున్నవాళ్ళతో మాట్లాడి వచ్చేస్తే కుదరదు. పగటిపూట ఇంట్లో ఉండేవాళ్ళ అభిప్రాయమే ఊరి అభిప్రాయం అయిపోతుంది.

ఏప్రిల్ 7

మొదటి రెండు రోజుల ఫీల్డ్. ఎండ తొమ్మిదింటికే మాడ్చేస్తోంది.

అసలు కష్టం ఇంటి నంబర్లతో. ఒకే కాలనీలో హౌసింగ్ బోర్డు కాలం నాటి ఎల్‌ఐజీ, ఎంఐజీ నంబర్లు, మున్సిపల్ డోర్ నంబర్లు, అపార్ట్‌మెంట్ కట్టాక బిల్డర్ పెట్టిన ఫ్లాట్ నంబర్లు. జాబితాలో మాత్రం ఒక్కో పేరుకి ఒక్కోటి రాసి ఉంది. పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపిన చోట పాత నంబరు గేటు మీద కూడా లేదు. కొన్ని పేర్లకు ఇంటి నంబరు గడిలో అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే ఉంది, ఫ్లాట్ లేదు.

రెండు రోజుల్లో పదకొండు పేర్లు తేలాయి. మూడు చోట్ల తాళం. ఒక పెద్దాయన గేటు దగ్గరే ఆపేసి "ఏ పార్టీ?" అన్నారు. కాలేజీ ఇచ్చిన లెటర్ చూపించాక లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. ఇంకో ఇంట్లో ఒకావిడ మాత్రం చివరిదాకా భయపడుతూనే ఉంది. "మా పేరు తీసేస్తారా ఏంటి?" అని మూడుసార్లు అడిగింది. తీసే అధికారం మాకు లేదు పిన్నీ, మేం చదువుకునే పిల్లలం అని చెప్పినా నమ్మకం కుదరలేదు. ఆ ఫారం ఖాళీగానే ఉంచి వచ్చేశాం. మాట్లాడనని చెప్పే హక్కు ఆవిడకుంది.

ఏప్రిల్ 14

ఉగాది వెళ్ళాక మళ్ళీ మొదలు. ఇప్పుడు ప్రతి పేరుకి అయిదు సంకేతాల్లో ఒకటి వేస్తున్నాం: ఉన్నారు, మారారు, చనిపోయారు, తాళం, ఎవరికీ తెలియదు. తాళం ఉన్న ఇంటికి వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్ళాకే ఆ సంకేతం ఖాయం చేయాలని నియమం పెట్టుకున్నాం.

ఈ వారం మాకు దొరికిన పెద్ద ఆసరా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్న. పద్నాలుగేళ్ళుగా అదే చోట. "థర్డ్ ఫ్లోర్ వాళ్ళా? వాళ్ళు బాచుపల్లిలో ఫ్లాట్ కొనుక్కుని పోయారు. అమ్మాయి పెళ్ళయి అమెరికా." మేం రెండు సాయంత్రాలు తిరిగినా తేలని నాలుగు పేర్లు అరగంటలో తేల్చాడు. అయినా ఆయన మాట మీద మాత్రమే సంకేతం వేయకూడదు. ఇంకొకరు, వాచ్‌మన్ గానీ పక్కింటివాళ్ళు గానీ అదే మాట చెప్పాలి.

మారినవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. అద్దె ఇళ్ళ కాలనీ ఇది. పదకొండు నెలల అగ్రిమెంటు, అద్దె పెంచితే ఇంకో వీధి. ఫారం 8 నింపితే కొత్త చిరునామాకి ఓటు మారుతుంది. కానీ ఇల్లు మారేటప్పుడు జనం గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటారు, పిల్లల బడి చూసుకుంటారు. ఓటు సంగతి ఎన్నికలొచ్చిన నెలలోనే గుర్తొస్తుంది.

ఏప్రిల్ 21

ఈ రోజు ఫీల్డ్‌కి వెళ్ళలేదు. మేడమ్‌తో రెండు గంటలు ఒకే విషయం మీద చర్చ.

కొన్ని ఇళ్ళలో "మాకు ఊళ్ళో కూడా ఉందమ్మా" అని మామూలుగా చెప్పేస్తున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఖమ్మం నుంచి వచ్చిన టీచర్, అందరిదీ అదే మాట. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో ఉండకూడదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు కూడా ఉంది. కానీ నేను మాట్లాడినవాళ్ళలో మోసం చేద్దామనుకున్నవాళ్ళు నాకు కనిపించలేదు. ఒకరికి ఇక్కడి కార్డు అడ్రస్ ప్రూఫ్ కోసం తీసుకున్నది. ఇంకొకరికి ఏదో క్యాంపులో ఎవరో రాయించారు. ఊళ్ళోది తీయించడానికి వేరే ఫారం ఉందనే సంగతే తెలియదు.

పేర్లతో సహా ఇది రాసిపెడితే, ఆ కాగితం ఎవరి చేతికైనా పోతే? మమ్మల్ని నమ్మి చెప్పినవాళ్ళకి అపకారం. అందుకే ఈ రోజు నుంచి ఫారం మీద పేరు ఉండదు, వరస నంబరు కూడా ఉండదు, మా సొంత కోడ్ మాత్రమే. కోడ్‌కీ పేరుకీ లంకె ఉన్న కాగితం మేడమ్ బీరువాలో. రిపోర్టు ఇచ్చాక దాన్ని చింపేస్తాం.

ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాం. శాతాలు బయట పెట్టకూడదు. ఒక్క బూత్, అరవై పేర్లు. ఎంత జాగ్రత్తగా చెప్పినా 'హైదరాబాద్‌లో ఇంత శాతం దొంగ ఓట్లు' అని ఎవరో ఒకరు దాన్ని మోసుకుపోతారు. రెండు చోట్ల నమోదు వేరు, రెండు చోట్లా ఓటు వేయడం వేరు. నా దగ్గరున్నది మొదటిదానికి ఆధారం మాత్రమే. పైగా జాబితాను గబగబా శుభ్రం చేద్దామని దిగితే నిజంగా ఉన్నవాళ్ళ పేర్లే ఎగిరిపోతాయి. మొన్న పిన్ని అడిగిన ప్రశ్న నా చెవిలో ఇంకా ఉంది.

మే 4

అరవై పేర్లలో అన్నిటికీ ఏదో ఒక సంకేతం పడింది. 'ఎవరికీ తెలియదు' కింద మూడు మిగిలాయి. అందులో ఒకటి 71 ఏళ్ళ ఆవిడ పేరు. భర్త పేరు గడిలో రెండక్షరాలు తప్ప చదవడానికి లేదు. పరీక్షల టెన్షన్ వల్ల ఈ వారం ఇంకేం చేయలేదు.

మే 14

మా ఊళ్ళో రాస్తున్నాను.

శనివారం సాయంత్రం కేపీహెచ్‌బీ నుంచి బస్సు. శని, ఆది, సోమ కలిసి రావడంతో విజయవాడ హైవే నిండిపోయింది. పంతంగి టోల్ గేటు దాటేసరికి అర్ధరాత్రి. నార్కెట్‌పల్లి దగ్గర అద్దంకి దారిలోకి మళ్ళి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటాక గానీ డ్రైవర్ అన్న టీకి ఆపలేదు. అక్కడ నోట్‌బుక్ తీశాను. ప్రాజెక్టులో లేని పని ఇది, అయినా అడగకుండా ఉండలేకపోయాను. నా పక్క సీటు అబ్బాయికి టికెట్‌కి మామూలు కంటే రెట్టింపు అయింది. మంగళవారం పొద్దున షిఫ్ట్. ఒక్క ఓటు కోసం ఇంత ఖర్చా అంటే, "మా నాన్న నాలుగు రోజుల నుంచి ఫోన్ చేస్తున్నాడండీ, రాకపోతే ఊళ్ళో అడుగుతారు" అన్నాడు. వెనక సీట్లో దంపతులకి ఊరి నాయకులే చార్జీలు పంపారట. ఓటరుని ఇలా ఖర్చు పెట్టుకుని రప్పించడం చట్టం ఒప్పుకునే పని కాదు. వాళ్ళు మాత్రం దాన్ని బంధువుల పిలుపు లాగే చెప్పారు.

జనం అసలు ఓటు ఎందుకు వేస్తారని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో వేసిన లెక్క గుర్తొచ్చింది. నా ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం దాదాపు సున్నా. ఆ సున్నాని ఎంత పెద్ద లాభంతో హెచ్చవేసినా వచ్చేది కొంచెమే. దారి ఖర్చు, క్యూ, ఎండ దానికంటే పెద్దవి. లెక్క ప్రకారం ఎవరూ వేయకూడదు. 1968లో రాజనీతి శాస్త్రవేత్తలు రైకర్, ఆర్డెషుక్ ఆ లెక్కలో ఇంకో అంశాన్ని చేర్చారు: కర్తవ్యం, వేశానన్న తృప్తి. దాన్ని కలిపితే లెక్క సరిపోతుంది. కానీ ఆ బస్సులో నాకు వినిపించినదాన్ని కర్తవ్యం అనే ఒక్క మాటలో పెట్టలేను. ఊళ్ళో ఓటు వేస్తే అందరూ చూస్తారు, వేయకపోతే అందరికీ తెలుస్తుంది. నాన్న తల ఎత్తుకు తిరగాలి. కేపీహెచ్‌బీలో నేను వేశానో లేదో ఎదురింటివాళ్ళకి కూడా అక్కర్లేదు.

నిన్న బడిలో క్యూ. ఏడింటికి వెళ్తే పదింటికి వేశాను. మా పెద్దమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది. సాయంత్రం ఆరింటికి లోపలున్నవాళ్ళకి చీటీలిచ్చారు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా సాగింది.

మే 19

తిరిగి హైదరాబాద్. అంకెలు చూశాను. ఆంధ్రప్రదేశ్‌లో పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం, మా దర్శిలో 90 దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48, కూకట్‌పల్లి ఉన్న మల్కాజ్‌గిరిలో 50 శాతం దాటి ఆగింది. నిన్నటి దాకా ఈ రెండు అంకెల్నీ ఎదురెదురుగా పెట్టి నగరాన్ని తిట్టేదాన్ని. మా బస్సులో వాళ్ళలో ఇక్కడి జాబితాలో కూడా పేరున్నవాళ్ళు ఉంటే, ఒకే మనిషి అక్కడ వేసినవాళ్ళ లెక్కలో, ఇక్కడ వేయనివాళ్ళ లెక్కలో కూడా పడ్డట్టు.

రెండో విడత ప్రశ్నావళి రాయడానికి మూడు రోజులు పట్టింది. "మీరు ఓటు వేశారా?" అని సూటిగా అడిగితే వేయనివాళ్ళు కూడా వేశామంటారు. అమెరికాలో సర్వే జవాబుల్ని ఓటరు రికార్డులతో సరిచూసినప్పుడల్లా ఇదే తేలింది. చదువుకున్నవాళ్ళు, రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళే ఎక్కువగా అలా చెబుతారు. అందుకని ఇలా రాశాం: "ఊరెళ్ళడం వల్లో, పని వల్లో, ఒంట్లో బాగోకో, జాబితాలో పేరు దొరక్కో చాలామందికి ఈసారి ఓటు వేయడం కుదరలేదు. మీకెలా జరిగింది?"

క్లాస్‌మేట్ ఒక ఉపాయం చెప్పింది. వారం రోజులే అయింది కాబట్టి ఎడమ చూపుడు వేలి మీద మైసూరు సిరా ఇంకా ఉంటుంది, వేలు చూపించమంటే సరి. ఆలోచించి వద్దనుకున్నాం. ఇంటికొచ్చి వేలు చూపించమని అడిగితే అది తనిఖీ అవుతుంది. వాళ్ళంతట వాళ్ళు చూపిస్తే రాసుకుంటాం. ఎవరికి వేశారన్నది అసలు అడగం. లోక్‌నీతి సర్వేల్లో దానికి నమూనా బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయిస్తారు, మన ప్రశ్నకి అది అక్కర్లేదు.

మే 26

మొదటి విడతలో 'ఉన్నారు' అన్నవాళ్ళందర్నీ మళ్ళీ కలిశాం. ప్రశ్న మార్చినందుకు ఫలితం కనిపించింది. "కుదరలేదమ్మా" అని మొహమాటం లేకుండా చెప్పారు.

ఇక్కడ ఉండి, పేరు ఉండి, వేయనివాళ్ళ కారణాల్లో నేను ముందు అనుకున్న ఉదాసీనత చాలా తక్కువ చోట్ల దొరికింది. ఒక సెక్యూరిటీ గార్డ్ అన్నకి ఆ రోజు పన్నెండు గంటల డ్యూటీ. పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని 1951 చట్టంలో 135బి సెక్షన్ ఉంది, రోజుకూలీలకి కూడా వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా అయిదు వందల రూపాయల దాకా. అన్న నవ్వేసి "అడిగితే రేపటి నుంచి రావద్దంటారు" అన్నాడు. నాలుగిళ్ళలో పనిచేసే అక్కకి ఆ రోజే అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి పని ఎక్కువ.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మూడో అంతస్తులో ఉండే 82 ఏళ్ళ అమ్మమ్మ. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులు. నవంబరు అసెంబ్లీ ఎన్నికలకి సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు, అప్పుడు 80 దాటినవాళ్ళకి ఆ సౌకర్యం ఉండేది. ఈ మార్చిలో నిబంధన మార్చి 85 చేశారు. ఆవిడకి అది ఎవరూ చెప్పలేదు. "పొద్దున్నుంచి తలుపు తీసే కూర్చున్నానే, ఎవరూ రాలేదు" అంది. ఈ ఓటు రేపు లెక్కల్లో 'వేయనివాళ్ళు' కిందే పడుతుంది.

"ఎవరొచ్చినా మా వీధి డ్రైనేజీ ఇంతే" అని కోపంతో వేయనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో మాట్లాడితే రాజకీయాలు బాగా తెలిసినవాళ్ళు. కార్పొరేటర్ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగారో తేదీలతో చెప్పారు. రాజనీతి శాస్త్రవేత్తలు సిడ్నీ వెర్బా, నార్మన్ నై 1972లోనే అన్నారు, ఓటు వేయడం, ప్రచారంలో పాల్గొనడం, సమస్య పట్టుకుని అధికారి దగ్గరకి వెళ్ళడం వేర్వేరు రకాల భాగస్వామ్యాలు, ఒకటి చేసేవాళ్ళు ఇంకోటి చేయకపోవచ్చు. వీళ్ళని ఉదాసీనులు అని రాయడానికి నా చేయి రాదు.

జూన్ 9

జూన్ 4న ఫలితాలు వచ్చాయి, ఇంట్లో టీవీ ఆగలేదు. ప్రాజెక్టుకి వాటితో పని లేదు.

లెక్కలో ఒక పెద్ద లోటు ఉందని మేడమ్ పట్టుకున్నారు. నేను జాబితా నుంచి ఇంటికి వెళ్ళాను. ఇంటి నుంచి జాబితాకి రాలేదు. జాబితాలో పేరే లేనివాళ్ళు నా అరవైలో పడే అవకాశమే లేదు. బెంగళూరులో జనాగ్రహ సంస్థ జాబితా నాణ్యత చూసినప్పుడు రెండు వైపుల నుంచీ చూసింది. కాబట్టి రెండు వారాలు అదనం. అవే వీధుల్లో ప్రతి పదో తలుపు తట్టి, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి, వాళ్ళ పేర్లు ఈ భాగంలో గానీ పక్క భాగాల్లో గానీ ఉన్నాయా అని వెతకడం. బొమ్మల పీడీఎఫ్ కాబట్టి కంటితోనే.

జూన్ 23

ఈ రెండో పని నా ఆలోచనని మళ్ళీ మార్చింది. జాబితాలో ఉండి ఇంట్లో లేనివాళ్ళ వల్ల ఓటింగ్ శాతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో ఉండి జాబితాలో లేనివాళ్ళ వల్ల ఎక్కువగా కనిపిస్తుంది, వాళ్ళు ఆ లెక్కలోకే రారు కనక. అద్దెకి ఉండే పిల్లలు, కొత్తగా పెళ్ళయి వచ్చిన ఆడపిల్లలు, హాస్టల్ అబ్బాయిలు. పెళ్ళయి వచ్చి మూడేళ్ళయిన ఒక అమ్మాయి పుట్టింటి ఊళ్ళో ఉన్న ఓటుకి వెళ్ళడానికి చార్జీలు లేవంది, ఇక్కడ రాయించమంటే అత్తగారింటి పత్రాలేవీ తన పేరు మీద లేవంది.

2022 డిసెంబరులో ఎన్నికల సంఘం వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రం ప్రతిపాదించింది. ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చన్నారు. 2023 జనవరిలో పార్టీలకి చూపించబోతే అభ్యంతరాలు వచ్చాయి, ముందుకు సాగలేదు. వలస వెళ్ళినవాళ్ళంటే ఎవరో ముందు తేల్చండి అన్నది అందులో ఒక అభ్యంతరం. ఆ రోజు పేపర్లో చదివినప్పుడు సాకు అనుకున్నాను. ఇప్పుడు అదే నిజమైన ప్రశ్న అనిపిస్తోంది. మా అరవై మందిలోనే ఎవరు వలస, ఎవరు స్థిరం అని గీత గీయలేకపోయాను.

జూలై 7

రిపోర్టు ఇచ్చేశాను. మేడమ్ బీరువాలోని లంకె కాగితం నా ఎదుటే చింపారు.

నిన్న సాయంత్రం ఆ వీధికి వెళ్ళాను, మజ్జిగ ఇచ్చిన పెద్దాయనకి, ఇస్త్రీ అన్నకి చెప్పి రావాలని. వాళ్ళ ఓటు పక్క వీధికి మార్చుకుంటామన్న ఒక కుటుంబానికి ఫారం 8 ఎలా నింపాలో ఫోన్‌లో చూపించాను. ఇస్త్రీ అన్న బొగ్గులు సర్దుకుంటూ, "అమ్మా, మీరడిగిన డెబ్భై ఏళ్ళావిడ, పేరు ఎవరికీ తెలియదన్నావు కదా" అన్నాడు. తల ఊపాను. "మొన్న గుర్తొచ్చింది. మూలింట్లో పూలమ్మే ముసలమ్మ. అందరూ పూలమ్మా అనే పిలిచేవాళ్ళం, అసలు పేరు ఎవరికి తెలుస్తుంది? ఆ ఇల్లు పడగొట్టినప్పుడు కొడుకు దగ్గరికి వనపర్తి వెళ్ళిపోయింది. బతికే ఉందంట."

మూలన టీ కొట్టు ఆయన్ని కూడా అడిగాను. అవును, వనపర్తే అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి 'ఎవరికీ తెలియదు' గడిలో మూడు కొట్టేసి రెండు రాసి, మారినవాళ్ళలో ఒకటి పెంచి, సవరించిన పేజీ మేడమ్‌కి పంపాను.